నూనెను తిప్పేది వేడే: ట్రాన్స్‌ఫార్మర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఉత్తరాలు పెరుగుతాయి. పొలం గట్టున, మిల్లు ఆవరణలో, వీధి మలుపులో కనిపించే, ఫ్యానూ పంపూ లేకుండా నూనెతోనే చల్లబడే రకం గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఎంచుకున్నాం.

మా ల్యాబ్‌లోని 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్ ప్లేటు మీద కూలింగ్ ‘ఓఎన్‌ఏఎన్’ అని ఉంది. పంపు లేకుండా నూనె ఎలా తిరుగుతుందో మా పుస్తకంలో రెండు ముక్కల్లో తేల్చేశారు. కాస్త వివరంగా చెప్పండి.
– పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

ఓఎన్‌ఏఎన్ అంటే ‘ఆయిల్ నేచురల్, ఎయిర్ నేచురల్’. ఆ నాలుగక్షరాల్లో మొదటి రెండూ లోపలి సంగతి: నూనె, అదీ తనంతట తాను తిరిగేది. తర్వాతి రెండూ బయటి సంగతి: గాలి, అదీ ఎవరూ విసరకుండా వీచేది.

ముందు వేడి ఎంతో చూద్దాం. కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడుకు కొలత. ఐఎస్ 1180 ప్రమాణం ప్రకారం రెండో సామర్థ్య స్థాయి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో మొత్తం నష్టం, అంటే వేడిగా వృథా అయ్యే శక్తి, సగం లోడులో 475 వాట్లు, నిండు లోడులో 1650 వాట్లు దాటకూడదు. లోడు రెట్టింపైతే నష్టం మూడున్నర రెట్లయింది, గమనించారా? కోర్‌లో, అంటే మధ్యనుండే ఇనుప రేకుల దిమ్మలో పోయేది లోడుతో మారదు గానీ, దాని చుట్టూ ఉండే తీగ చుట్లలో పోయేది కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నిండు లోడులో రెండు ఇస్త్రీ పెట్టెల వేడి రాత్రింబగళ్లు ఆ డబ్బాలో పుడుతూ ఉంటుంది.

చుట్ల మధ్య సన్నని సందులు వదులుతారు. అక్కడ నూనె వేడెక్కి, వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది. ట్యాంకు పైభాగం నుంచి రేడియేటర్ (ట్యాంకు పక్కన తగిలించిన రెక్కల వరస) పై గొట్టంలోకి వెళ్తుంది. రెక్కల్లో చల్లారి, బరువెక్కి, కిందికి దిగి, కింది గొట్టం గుండా మళ్లీ చుట్ల అడుక్కి చేరుతుంది. ఇంతవరకు మీ పుస్తకంలోనూ ఉండే ఉంటుంది. ఆ తోపుడు బలం ఎంత తక్కువో మాత్రం చెప్పి ఉండరు. లెక్క కట్టండి. నూనె ఒక్కో డిగ్రీకి సుమారు 0.075 శాతం వ్యాకోచిస్తుంది. రేడియేటర్ పైకీ కిందికీ 15 డిగ్రీల తేడా ఉంటే సాంద్రతలో తేడా 1.1 శాతం. మీటరు ఎత్తు నూనెకు దీనివల్ల వచ్చే ఒత్తిడి 100 పాస్కల్ లోపే, అంటే సెంటీమీటరు ఎత్తు నీటి ఒత్తిడి పాటి. దారిలో ఏ చిన్న అడ్డు వచ్చినా ఈ ప్రవాహం కుంటుపడేది అందుకే. రేడియేటర్ మధ్యభాగాన్ని చుట్ల మధ్యభాగం కంటే ఎత్తులో ఉండేలా అమర్చేదీ అందుకే. ఆ ఎత్తు తేడా ఎంత పెరిగితే తోపు అంత పెరుగుతుంది.

ఇందులో ఒక సౌకర్యమూ ఉంది. వేడెక్కే కొద్దీ నూనె పలచబడి జోరుగా పారుతుంది. నష్టం రెట్టింపైనా, బయటి గాలి కంటే పై నూనెకు ఉండే అదనపు వేడి రెట్టింపు కాదు, ఇంచుమించు 1.7 రెట్లు అవుతుంది.

ఇక గాలి వైపు. మామూలు ఇనుప గోడ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 12.5 వాట్ల వేడిని వదులుతుంది. అందులో దాదాపు సగం వికిరణం, సగం గాలి పైకి లేవడం వల్ల. గోడ సగటున బయటి గాలి కంటే 30 డిగ్రీలు వేడిగా ఉందనుకుంటే చదరపు మీటరుకు 375 వాట్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు నష్టం 635 వాట్లు. దానికి 1.7 చదరపు మీటర్లు చాలు, ఇంచుమించు ట్యాంకు గోడలే సరిపోతాయి. మీ 100 కేవీఏకి 4.4 చదరపు మీటర్లు కావాలి. ట్యాంకుకు అంత గోడ ఉండదు గనుకే రెక్కలు, గొట్టాలు తగిలిస్తారు. అయితే ఒక రెక్క వెదజల్లిన వికిరణాన్ని పక్క రెక్కే పీల్చుకుంటుంది కాబట్టి సందుల్లో పనిచేసేది గాలి ఒక్కటే. ఆ గాలి ఆగితే రెక్కలున్నా లేనట్టే.

మా రైస్ మిల్లులో 250 కేవీఏ సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పోయిన సీజన్‌లో ఆయిల్ టెంపరేచర్ మీటరు 70 దాటలేదు. ఈసారి అదే లోడుకు 85 చూపిస్తోంది. ఒకరు ఆయిల్ మార్చమంటున్నారు, ఒకరు ట్రాన్స్‌ఫార్మరే మార్చమంటున్నారు. ఏం చేయాలి?
– మిల్లు యజమాని, మిర్యాలగూడ

రెండూ తొందరపాటే. లోడు నిజంగా అదేనా అన్నది మొదట తేల్చండి. బిల్లులో డిమాండు చూసి ‘అదే’ అనుకోవద్దు. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు మూడు ఫేజుల్లో క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) విడివిడిగా కొలిపించండి. 250 కేవీఏకి 433 వోల్టుల దగ్గర నిండు కరెంటు 333 ఆంపియర్లు. ఒక ఫేజు 370 లాగుతూ, ఇంకోటి 250 లాగుతున్నా సగటు బాగానే కనిపిస్తుంది, వేడెక్కే చుట్ట మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. ఈ ఏడాది కొత్తగా వీఎఫ్‌డీ డ్రైవులు (మోటారు వేగాన్ని మార్చే పెట్టెలు) పెట్టి ఉంటే హార్మోనిక్స్, అంటే కరెంటు అలల్లో వచ్చే వంకరల వల్ల కూడా అంతే ఆంపియర్లకు ఎక్కువ వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం రీడింగును జనవరి రీడింగుతో పోల్చారేమో కూడా చూసుకోండి. బయట 12 డిగ్రీలు పెరిగితే మీటరులోనూ 12 పెరుగుతుంది, అది జబ్బు కాదు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే రేడియేటర్లను చూడండి. రైస్ మిల్లులో మా మొదటి అనుమానం ఊక దుమ్ము, తవుడు మీదే. తవుడులో జిడ్డు ఉంటుంది. ఏ గ్యాస్కెట్ దగ్గరో నూనె చెమర్చిందంటే ఆ తడి మీద తవుడు అట్టకట్టి, దాని మీద ఊక పేరుకుని, రెక్కల మధ్య సందులు కింద నుంచి పూడుకుంటూ వస్తాయి. బయటి నుంచి చూస్తే అంచులు శుభ్రంగానే ఉంటాయి. టార్చి లైటు ఒక పక్క నుంచి వేసి అవతలి పక్క వెలుగు కనబడుతోందో లేదో చూడండి. కనబడకపోతే మీ 15 డిగ్రీలు దొరికినట్టే. శుభ్రం చేయడం ట్రాన్స్‌ఫార్మర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ), ఎల్‌టీ రెండు వైపులా ఎర్త్ చేశాకే. మెత్తటి బ్రష్‌తో రాల్చి, బ్లోయరుతో లోపలి నుంచి బయటికి ఊదించాలి. పీడనంతో నీళ్లు కొట్టొద్దు. గ్యాస్కెట్ కారుడు ఆపకపోతే రెండు నెలల్లో మళ్లీ ఇదే పని.

దుమ్ము లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో దూరం నుంచి ఒక్కో రేడియేటర్ పైభాగం, కింది భాగం కొలవండి. పైన వేడి, కింద అంతకంటే 10 నుంచి 20 డిగ్రీలు తక్కువ ఉంటే నూనె తిరుగుతున్నట్టు. ఒక రేడియేటర్ మొత్తం చల్లగా ఉంటే దాని వాల్వు మూసి ఉందన్నమాట. మరమ్మతు తర్వాత పైది తెరిచి కిందిది మరిచిపోవడం మామూలే. లేదా పైభాగంలో గాలి చిక్కుకుని ఉండాలి. షట్‌డౌన్‌లో రేడియేటర్ నెత్తిన ఉన్న ప్లగ్గు వదులు చేసి, బుడగలు పోయి నూనె వచ్చేదాకా ఆగి బిగిస్తే సరి. ట్యాంకు మండుతూ అన్ని రేడియేటర్లూ చల్లగా ఉంటే నూనె మట్టం పై గొట్టం కంటే కిందికి పోయి ఉంటుంది. అప్పుడు నూనె తిరగడం తగ్గడం కాదు, ఆగిపోతుంది. ట్యాంకులో ముప్పాతిక నూనె ఉన్నా ప్రయోజనం లేదు. వెంటనే లోడు తీసేయండి.

ఇవేవీ కాకపోతేనే నూనె వంతు. ఆమ్లత్వం పరీక్ష చేయించండి. గ్రాము నూనెలోని ఆమ్లాన్ని విరచడానికి పట్టే కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) 0.3 మిల్లీగ్రాములు దాటితే మడ్డి పేరుకోవడం మొదలైందని అనుమానించాలి. అది చుట్ల సందుల్లోనే పేరుకుంటుంది. దాంతో వేడి పెరుగుతుంది, పెరిగిన వేడికి ఇంకా మడ్డి పుడుతుంది. ఒక్క మాట: ఫిల్టర్ మిషన్ తేమనూ నలుసులనూ తీస్తుంది గానీ ఆమ్లాన్ని తీయదు. దానికి ఫుల్లర్స్ ఎర్త్ గుండా నూనెను పంపాలి. అది ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతిదే. ‘ఫిల్టర్ చేశాం, అంతా బాగైంది’ అంటే ముందూ తర్వాతా ఆమ్లత్వం అంకెలు అడగండి.

చివరగా, ట్రాన్స్‌ఫార్మర్ గదిలో ఉంటే గోడలకు ఎడం చూడండి. నాలుగు వైపులా గోడలుంటే ప్రతి వైపూ కనీసం 1.25 మీటర్లు వదలాలి. కింద చల్లగాలి వచ్చే దారి, ఎదుటి గోడకు పైన వేడిగాలి పోయే దారి తెరిచి ఉండాలి. ఖాళీగా ఉంది కదా అని అక్కడ గోనె సంచులు పేర్చడం చాలా మిల్లుల్లో చూస్తాం.

మా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఈ వేసవిలో రెండుసార్లు కాలిపోయింది. ఆరు బోర్లున్నాయి, అన్నీ 5 హెచ్‌పీ. ఓవర్‌లోడ్ అంటున్నారు. 30 హెచ్‌పీ అంటే 22 కిలోవాట్లే కదా, 25లోపే ఉన్నాం. తప్పెక్కడ?
– రైతు, కళ్యాణదుర్గం

మీ లెక్కలో మోటారు షాఫ్టు దగ్గర ఇచ్చే శక్తి మాత్రమే ఉంది. అది లాగే కరెంటు వేరు. 80 శాతం సామర్థ్యం, 0.8 పవర్ ఫ్యాక్టర్ (లాగే కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) వేసుకుంటే ఒక్కో 5 హెచ్‌పీ మోటారుకు 5.8 కేవీఏ, 8 ఆంపియర్లు. ఆరింటికి 48 ఆంపియర్లు. 25 కేవీఏ ఇవ్వగలిగింది 33 ఆంపియర్లు. 145 శాతం లోడు. వర్గం లెక్కన చుట్లలో పుట్టే వేడి రెట్టింపు పైమాటే.

ఇలా నడిపినా ఆ గంటలోనే కాలిపోదు. చుట్టలు నిమిషాల్లో వేడెక్కుతాయి గానీ నూనె నెమ్మదిగా, మూడు గంటల లెక్కన వేడెక్కుతుంది. అందుకే గంటసేపు ఓవర్‌లోడును ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది, తొమ్మిది గంటలు ఏకధాటిగా అయితే ఓర్చుకోదు. చుట్ల మీది కాగితం వేడికి పెళుసెక్కుతుంది. దాదాపు ప్రతి 6 డిగ్రీలకూ అరుగుదల రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే లెక్క. అందుకే మొదటిసారి కాలడానికి ఏళ్లు పడుతుంది. మరమ్మతు చేసి తెచ్చిన దాన్ని అదే లోడు మీద పెడితే వారాలు చాలు.

ఆటో స్టార్టర్ల సంగతి వేరు. సరఫరా రాగానే ఆరు మోటార్లూ ఒక్కసారి లేస్తే ఒక్కోటి ఆరు రెట్లు లాగినా 290 ఆంపియర్లు. కొన్ని సెకన్లే గనుక వేడి లెక్క కాదు. కరెంటు తొమ్మిది రెట్లైతే చుట్టల మీద పడే విసురు ఎనభై రెట్లు. రోజూ ఆ కుదుపుకు చుట్టలు సడలి, పెళుసెక్కిన కాగితం రాలి, చుట్టుకు చుట్టు తగులుతుంది. ఇంకో తప్పు, చాలామంది చేసేది: ఎల్‌టీ ఫీజు మాటిమాటికీ పోతోందని నాలుగు పోగుల తీగ కడతారు. ఇక ఫీజు పోదు, దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఆటో స్టార్టర్లు తీసేసి, ఒకరి తర్వాత ఒకరు ఐదు నిమిషాల ఎడంతో వేసుకోండి. పవర్ ఫ్యాక్టర్ పెరిగేలా ఒక్కో మోటారుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ పెట్టించండి. కరెంటు 8.1 నుంచి 6.8 ఆంపియర్లకు దిగుతుంది. అప్పుడు కూడా ఆరింటికి 41 ఆంపియర్లు, ఇంకా ఎక్కువే. ఒకేసారి నాలుగు దాటకుండా వంతులు వేసుకోవాలి, లేదా రెండు కనెక్షన్లు వేరే ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. మూడో దారి లేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో, పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలన్నది డిస్కంల సేవా ప్రమాణం. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ లైనును తెంచే స్విచ్) దించేసి మీరే ఫీజు వేసే పని మాత్రం పెట్టుకోవద్దు. హ్యాండిల్ కిందికి వచ్చినా మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పుతో అతుక్కుని తెరుచుకోకపోవచ్చు. ఏటా రైతులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. తడి గోనెలు కప్పవచ్చా? సబ్‌స్టేషన్‌లో అయితే కూలర్లు పెడుతున్నారు కదా?
– పాఠకురాలు, జమ్మికుంట

అసలు చెయ్యే పెట్టొద్దు. బయట 43 డిగ్రీలుంటే, పై నూనె దానికంటే 35 డిగ్రీలు ఎక్కువ ఉండడం డిజైన్‌లో లెక్కవేసిందే. అంటే 78 డిగ్రీలు. 60 దాటితేనే చెయ్యి ఆనించలేం. కాబట్టి ‘కాలుతోంది’ అన్నంత మాత్రాన పాడైనట్టు కాదు.

గోనె కప్పితే గాలి ఆగుతుంది. అది ఆరిపోయిన నిమిషం నుంచి దుప్పటి కప్పినట్టే. నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం. దుమ్ము పట్టిన 11 కేవీ బుషింగు (తీగ ట్యాంకులోకి దిగే చోట ఉండే పింగాణీ గొట్టం) మీదుగా నీటి ధార పడితే కరెంటు దానిమీదుగా దూకుతుంది. వేడి పింగాణీ పగిలిపోనూ వచ్చు. సబ్‌స్టేషన్ల కథ వేరు. అక్కడి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి రేడియేటర్ల కిందే ఫ్యాన్లు అమర్చి వస్తాయి, నేమ్ ప్లేటు మీద ఫ్యాన్లతో ఒకటి, ఫ్యాన్లు లేకుండా ఒకటి, రెండు సామర్థ్యాలు రాసి ఉంటాయి. కూలర్లు పెట్టేవారు శిక్షణ ఉన్న సిబ్బంది.

మా ఆయిల్ మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లోని గుళికలు గులాబీ రంగుకు మారాయి. కొత్తవి కొనాలా, వేయించి వాడొచ్చా?
– పాఠకుడు, ఆదోని

వేయించి వాడొచ్చు. బ్రీదర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి వెళ్లే గాలిలోని తేమను గుళికలతో పీల్చే డబ్బా. ముందు అవి ఎటు నుంచి మారాయో చూడండి, కొత్తవి పోసే తొందరలో అందరూ దాటేసే ఆనవాలు ఇదే. 150 లీటర్ల నూనె పగలూ రాత్రీ 30 డిగ్రీలు మారితే మూడున్నర లీటర్ల దాకా ఉబ్బి తగ్గుతుంది. అంత గాలి రోజూ బ్రీదర్ అడుగు నుంచి లోపలికి వెళ్తుంది. అందుకే నీలం గుళికలు కింది నుంచి పైకి గులాబీ అవుతూ రావాలి. పై నుంచి మారుతున్నాయంటే గాలి బ్రీదర్ గుండా కాక పైనున్న గ్యాస్కెట్ సందులోంచో, పగిలిన గొట్టంలోంచో దూరుతోంది. అది ఆపకుండా గుళికలు మార్చి లాభం లేదు.

మూడింట రెండొంతులు గులాబీ కాగానే తీసేయండి. ఇనుప పెనం మీద పలచగా పరిచి, సన్నని సెగ మీద 120 డిగ్రీల ప్రాంతంలో కలుపుతూ ఉంటే మళ్లీ నీలమవుతాయి. సెగ ఎక్కువైతే నల్లబడి పనికిరాకుండా పోతాయి. నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. వంటింటి పెనం వాడొద్దు. నారింజ రంగు గుళికలు దొరికితే అవే మేలు. కింద గిన్నెలో గీత దాకా ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోయడం మరవకండి. ఆ గిన్నె ఎండిపోయి ఉంటే దుమ్మూ తేమా నేరుగా గుళికలకే తగిలి, నెలల తరబడి రావాల్సినవి వారాల్లో తడుస్తాయి.

దొంగలు కొంత ఆయిల్ పట్టుకుపోయారు. తాత్కాలికంగా కొత్త ఇంజిన్ ఆయిల్ పోయొచ్చా? రెండూ నూనెలే కదా!
– పాఠకుడు, నంద్యాల

పోయకూడదు. ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ కంటే పది రెట్ల పైన. మొదటి జవాబులో చెప్పిన ఆ కాస్త తోపుడుతో అది పారదు. పైగా అందులో కలిపే రసాయనాలు విద్యుత్ నిరోధాన్ని దెబ్బతీస్తాయి. నూనె చల్లబరచడంతో పాటు 11 కేవీని చుట్టల మధ్య ఆపి ఉంచుతుంది కూడా.

మట్టం తగ్గిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జి చేయకుండా ఆపండి. ఐఎస్ 335 నూనెనే, ఫిల్టర్ చేసి పోయించండి. తర్వాత అడుగు వాల్వు నుంచి నమూనా తీసి బీడీవీ (ఎన్ని కేవీల దగ్గర, అంటే ఎన్ని వేల వోల్టుల దగ్గర, నూనె తట్టుకోలేక కరెంటు దూకుతుందో) చూడాలి. నీరు అడుక్కే చేరుతుంది గనుక అక్కడి నుంచే తీయాలి. ముందు లీటరు వదిలేసి, ఆరబెట్టిన గాజు సీసాలో, వాన లేని రోజున పట్టండి. 2.5 మిల్లీమీటర్ల ఎడంతో 30 కేవీకి తగ్గితే వాడకూడదు. కొత్త నూనె ఫిల్టర్ తర్వాత 60 పైనే రావాలి.

ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ జుమ్మంటూ ఉంటుంది. ఆ మోత ప్రమాదమా?
– పాఠకురాలు, తణుకు

కాదు. 50 సైకిళ్ల కరెంటుకు కోర్‌లోని ఇనుప రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకుంటాయి, ఆ మోత అది. ఎప్పుడూ ఉండేది ఉన్నట్టుండి పెరిగినా, లోపల చిటపటమన్నా, నీళ్లు మరిగినట్టు బుడబుడలాడినా దూరంగా జరిగి 1912కు చెప్పండి. గడ్డివాములు, కట్టెల మోపులు దాని పక్కన ఉంటే ఈ రోజే తీయించండి. 140 డిగ్రీల ప్రాంతంలోనే నూనె ఆవిరికి నిప్పు తగిలితే మంట అంటుకుంటుంది.

తీసేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ చెదలకు తలుపులు, దూలాలకు పూస్తే మంచిదంటారు. నిజమేనా?
– పాఠకుడు, పాలకొల్లు

వద్దు. చాలా పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీలనే రసాయనాలు ఉండొచ్చు. నూనెలో కలిసి ఉన్నా చూపుకూ వాసనకూ తెలియవు, ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవు. మన దేశంలో 2016 ఉత్తర్వు వీటి వాడకానికి 2025 డిసెంబరు 31ని ఆఖరి గడువుగా పెట్టింది. పీసీబీలు లేని మామూలు నూనె అయినా ఇంట్లో చెక్కకు పూస్తే నిప్పుకు సులువుగా అంటుకుంటుంది. వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే ఇచ్చి రసీదు తీసుకోవాలి. డ్రమ్ముల లెక్కన ఉంటే వారే వచ్చి కొనుక్కుంటారు.